శాండ్యులీక్ −69 202: ఒక భారీ నక్షత్రం పుట్టుక నుంచి పేలుడు దాకా

భారీ నక్షత్రాల పరిణామం మీద పనిచేసేవాళ్లకి ఎప్పుడూ ఒకటే చిక్కు. లెక్కగట్టేదేమో నక్షత్రం లోపల జరిగే వ్యవహారం, టెలిస్కోపుకి దొరికేదేమో పైపొర. సూర్యుడికి ఇరవై రెట్లు బరువున్న నక్షత్రం గర్భంలో ఇప్పుడు కార్బన్ మండుతోందా, ఆక్సిజన్ మండుతోందా అని బయటి నుంచి చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. ఒకే నక్షత్రాన్ని పుట్టుక నుంచి చావు దాకా కూర్చుని చూసే వీలు ఎవరికీ లేదు. రకరకాల వయసుల్లో ఉన్న వేలాది నక్షత్రాలను చూసి, కంప్యూటర్‌లో మోడళ్లు నడిపి, ఆ ముక్కలన్నిటినీ ఒక జీవితంగా కలుపుతాం.

అలా కలిపినది నిజమో కాదో తేల్చుకునే అవకాశం ఒక్క కేసులో బాగా దొరికింది. అదే ఓ భారీ నక్షత్రం పేలుడు, 1987ఎ సూపర్‌నోవా. పేలకముందే కేటలాగులో నమోదై ఉన్న నక్షత్రం, పేలిన క్షణంలో వెలువడ్డ న్యూట్రినోలు (పదార్థానికి దాదాపు తగలకుండా దూసుకుపోయే సూక్ష్మ కణాలు), ఆ తర్వాతి వెలుగు, చుట్టూ ఉన్న వాయు వలయం, మధ్యలో మిగిలిన శకలం, అన్నిటికీ కొలతలున్నాయి. మోడళ్లు నడపడమే నా పని కాబట్టి ఎన్నిసార్లు తిరగేసినా ఈ కేసు నాకు కొత్తగానే ఉంటుంది. దీన్నుంచి నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: పుట్టినప్పటి బరువు తెలిస్తే చాలు, నక్షత్రం కథంతా చెప్పేయొచ్చు అన్న పాఠం సగమే నిజం. గర్భం కథ బరువును బట్టే నడుస్తుంది. పైపొర కథ తెలియాలంటే ఆ నక్షత్రానికి తోడు ఎవరున్నారో కూడా అడగాలి.

పేలింది ఎవరు?

1987 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున చిలీలోని లాస్ కంపానాస్ అబ్జర్వేటరీలో ఇయాన్ షెల్టన్ మన పొరుగు గెలాక్సీ అయిన పెద్ద మాజెల్లాన్ మేఘాన్ని ఫోటో ప్లేటు మీద తీశాడు. ప్లేటు కడిగి చూస్తే టరాంటులా నెబ్యులా పక్కన అంతకుముందు లేని పెద్ద చుక్క ఉంది. అదే కొండ మీద ఆస్కార్ దువాల్డే దాన్ని ఆ రాత్రే మామూలు కంటితో చూశాడు. న్యూజిలాండ్‌లో ఆల్బర్ట్ జోన్స్ కూడా విడిగా కనిపెట్టాడు. కంటికి కనిపించేంత వెలుగున్న సూపర్‌నోవా 1604 తర్వాత మళ్లీ అదే. దూరం సుమారు 1,68,000 కాంతి సంవత్సరాలు. ఇక్కడ చెప్పే తేదీలన్నీ ఆ వెలుగు భూమికి చేరిన తేదీలే.

ఆ చోట ఇంతకుముందు ఏముందో వెతికితే నికొలస్ శాండ్యులీక్ కేటలాగులో −69 202 అనే నక్షత్రం తేలింది. వెలుగు 12వ మాగ్నిట్యూడ్ (ఈ అంకె ఎంత పెద్దదైతే అంత మసక), బి3 అనే వేడి తరగతికి చెందిన నీలి సూపర్‌జెయింట్. అందరికీ అక్కడే తల తిరిగింది. ఇలాంటి నక్షత్రాలు ఎర్ర సూపర్‌జెయింట్‌గా ఉబ్బి పేలతాయని పుస్తకాలన్నీ చెబుతుంటే, పేలింది నీలి నక్షత్రం అంటే నమ్మేదెలా?

నమ్మకపోవడానికి ఇంకో కారణం కూడా దొరికింది. పేలుడు తొలి రోజుల అతినీలలోహిత వెలుగు వేగంగా చల్లారాక, అతినీలలోహితంలో చూసే ఐయూఈ ఉపగ్రహానికి ఆ చోట వేడి నక్షత్రపు వర్ణపటం ఇంకా కనబడుతూనే ఉంది. శాండ్యులీక్ నక్షత్రం బతికే ఉంది, పేలింది మరేదో అని కొన్నాళ్లు అనుకున్నారు. పాత ప్లేట్లను మళ్లీ జాగ్రత్తగా కొలిస్తే విషయం తేలింది: ఒకే చుక్కలా కనిపించిన చోట మూడు నక్షత్రాలున్నాయి. మిగిలిన వెలుగు పక్కనున్న రెండు చిన్నవాటిది. వాటి వాటా తీసేస్తే శాండ్యులీక్ నక్షత్రం నిజంగానే మాయమైంది. ఆర్కైవ్‌లో సూపర్‌నోవా పూర్వ నక్షత్రం కోసం వెతికే ప్రతివాళ్లూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. పేలకముందు ఫోటోలో చుక్క ఉండటం చాలదు, వెలుగు తగ్గాక ఆ చుక్క పోయిందని చూపించాలి.

ఇక దాని సైజు. ఉపరితల ఉష్ణోగ్రత దాదాపు 16,000 కెల్విన్లు, వెలుగు సూర్యుడికి సుమారు లక్ష రెట్లు. సూర్యుడి ఉష్ణోగ్రత 5,772 కెల్విన్లు, అంటే ఇది 2.77 రెట్లు వేడి. ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి వెళ్తుంది కాబట్టి ఒక్కో చదరపు మీటరు నుంచి 59 రెట్లు వెలుగు వస్తుంది. లక్షను 59తో భాగించి వర్గమూలం తీస్తే 41. అంటే వ్యాసార్ధం సూర్యుడికి నలభై రెట్ల పైచిలుకు. అదే వెలుగుతో 3,500 కెల్విన్ల ఎర్ర సూపర్‌జెయింట్ అయ్యుంటే ఇదే లెక్క 860 దగ్గర తేలుతుంది. ఈ రెండు అంకెలూ తర్వాత పనికొస్తాయి.

లోపల జరిగిన కథ

చివరి దశలో నక్షత్రం వెలుగు దాని హీలియం గర్భం బరువును బట్టి ఉంటుంది. లక్ష సూర్యుల వెలుగుకి సుమారు ఆరు సూర్యుల బరువున్న గర్భం కావాలి. అంత గర్భం తయారు కావాలంటే పుట్టినప్పుడు 18 నుంచి 20 సూర్యుల బరువుండాలి. ఒంటరి నక్షత్రమే అయితే మాత్రం. ఈ షరతు సంగతి తర్వాత.

అంత బరువున్న నక్షత్రంలో హైడ్రోజన్ హీలియంగా మారడానికి కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ మధ్యవర్తులుగా పనిచేస్తాయి. ఈ చక్రం ఉష్ణోగ్రత కాస్త పెరిగినా విపరీతంగా వేగం పుంజుకుంటుంది. అందుకే ఇరవై రెట్ల ఇంధనం ఉన్నా నక్షత్రం దాన్ని సూర్యుడి కంటే నలభై వేల రెట్లు వేగంగా ఖర్చు చేస్తుంది. సూర్యుడికి వెయ్యి కోట్ల ఏళ్లు పట్టే పని దీనికి 80 లక్షల ఏళ్లలో అయిపోతుంది. చక్రంలో నైట్రోజన్ మెట్టు అన్నిటికంటే నిదానం కాబట్టి మిగతా మూలకాలు అక్కడ పోగవుతాయి. హైడ్రోజన్ మండిన చోట నుంచి వచ్చిన పదార్థంలో నైట్రోజన్ ఎక్కువగా ఉండటానికి కారణం అదే.

ఆ తర్వాత గర్భం కుంచించుకుని 18 కోట్ల డిగ్రీలు దాటాక హీలియం అంటుకుంటుంది, కార్బన్, ఆక్సిజన్ తయారవుతాయి. ఇది దాదాపు పది లక్షల ఏళ్లు. ఇంతవరకు నెమ్మదిగానే సాగుతుంది.

ఇక్కడి నుంచి వేగం మారిపోతుంది. ఇరవై సూర్యుల ఒంటరి మోడల్ నడిపితే కార్బన్ దశ వెయ్యేళ్లలోపే ముగుస్తుంది. నియాన్ కొన్ని నెలలు, ఆక్సిజన్ ఏడాది పైచిలుకు, సిలికాన్ పదకొండు పన్నెండు రోజులు. మోడల్ తెర మీద నడుస్తుంటే కంప్యూటర్ ఒక్కో అడుగుకి వేసుకునే కాలం వేల ఏళ్ల నుంచి సెకన్లకు పడిపోతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ ఘట్టంలో నాకు టెన్షన్ తప్పదు.

ఎందుకింత తొందర? రెండు కారణాలు. హైడ్రోజన్ హీలియంగా మారితే, కేంద్రకంలోని ప్రోటాన్‌కో న్యూట్రాన్‌కో లెక్కేస్తే, ఒక్కో న్యూక్లియాన్‌కి ఏడు మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి వస్తుంది. హీలియం నుంచి ఇనుము దాకా మొత్తం ప్రయాణానికి మిగిలింది 1.7 మాత్రమే. ఆస్తిలో ఎక్కువ భాగం మొదటి దశలోనే ఖర్చైపోయింది. రెండోదే అసలు కారణం. ఉష్ణోగ్రత 80 కోట్లు దాటాక గర్భంలోని గామా కిరణాల నుంచి ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జతలు పుడతాయి, అవి కలిసిపోయినప్పుడు కొన్నిసార్లు న్యూట్రినోలు వస్తాయి. కాంతి పైకి రావడానికి వేల ఏళ్లు పడితే న్యూట్రినో దేనికీ తగలకుండా నేరుగా బయటపడుతుంది. గర్భం తన వేడిని ఆ దారిన పోగొట్టుకుంటుంది, ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంకా కుంచించుకుంటుంది, ఇంకా వేడెక్కుతుంది, న్యూట్రినోలు ఇంకా పెరుగుతాయి.

పైపొరకి ఈ గొడవ చాలావరకు తెలియదు. అది తన ఆకారం మార్చుకోవాలంటేనే వేల ఏళ్లు కావాలి, లోపలేమో నెలల్లో అంతా అయిపోతుంది. చాలావరకు అని ఎందుకన్నానంటే, 2023 మేలో ఎం101 గెలాక్సీలో పేలిన 2023ఐఎక్స్ఎఫ్ లాంటి సూపర్‌నోవాల చుట్టూ, పేలుడుకి కొద్ది ఏళ్ల ముందే వదిలిన దట్టమైన వాయువు కనిపించింది. లోపలి అలజడి అప్పుడప్పుడు పైకి చేరుతుందన్నమాట. శాండ్యులీక్ విషయంలో అలాంటి జాడ లేదు.

సిలికాన్ దశలో రెండు సిలికాన్ కేంద్రకాలు నేరుగా కలవవు. 300 కోట్ల డిగ్రీల దగ్గర గామా కిరణాలు కొన్ని కేంద్రకాలను చిదగ్గొడతాయి, ఆ ముక్కలను మిగతా కేంద్రకాలు ఒకటొకటిగా పట్టుకుంటాయి, చివరికి ఇనుము, నికెల్ చుట్టుపక్కల మూలకాలు పోగవుతాయి. అప్పటికి నక్షత్రం ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉంటుంది: మధ్యలో ఇనుము, దాని పైన సిలికాన్, ఆక్సిజన్, నియాన్, కార్బన్, హీలియం, అన్నిటి మీదా హైడ్రోజన్. ఇనుప గర్భాన్ని నిలబెట్టేది ఎలక్ట్రాన్ల పీడనం. దానికి చంద్రశేఖర్ లెక్కగట్టిన హద్దు ఉంది, సుమారు 1.4 సూర్యులు. గర్భం ఆ దరిదాపుల్లోకి రాగానే ఎలక్ట్రాన్లు ప్రోటాన్లలోకి దూరిపోతాయి, గామా కిరణాలు ఇనుమును విడగొడుతూ వేడిని మింగేస్తాయి. పీడనం చాలదు. భూమి సైజు గర్భం సెకను కంటే తక్కువ వ్యవధిలో కూలిపోతుంది.

1987 ఫిబ్రవరి 23, ఉదయం 7:35

అంతర్జాతీయ సమయం ప్రకారం ఆ క్షణంలో జపాన్‌లోని కామియొకాండె-2 డిటెక్టర్‌లో 12 సంకేతాలు, అమెరికాలోని ఐఎంబీలో 8, కాకసస్ పర్వతాల కింద ఉన్న బక్సాన్‌లో 5 నమోదయ్యాయి. కామియొకాండెను కట్టింది ప్రోటాన్ విచ్ఛిన్నం అవుతుందేమో చూడటానికి. ఐఎంబీలో నాలుగో వంతు కాంతి గొట్టాలు ఆ రోజు పనిచేయడం లేదు. అయినా పాతిక సంకేతాలు దొరికాయి. కామియొకాండె ప్రయోగాన్ని నడిపిన మాసతోషి కొషిబాకి 2002లో నోబెల్ రావడానికి ఇదొక ముఖ్య కారణం. మాంట్ బ్లాంక్ సొరంగంలోని డిటెక్టర్ అంతకు నాలుగున్నర గంటలకు పైగా ముందు అయిదు సంకేతాలు చూపించింది. కానీ అంతకంటే చాలా పెద్దదైన కామియొకాండెకు ఆ వేళ వాటికి తగిన జాడ దొరకలేదు. ఈ కేసు లెక్కల్లో నేను వాటిని కలపను.

పాతికే కదా అనిపిస్తుంది. కానీ వాటిలోంచి రెండు విషయాలు గట్టిగా తేలుతాయి. మొదటిది మొత్తం శక్తి. డిటెక్టర్‌లో ఎంత నీరుందో, యాంటీన్యూట్రినో నీటిలోని ప్రోటాన్‌ని ఢీకొనే అవకాశం ఎంతో, దూరమెంతో తెలుసు కాబట్టి వెనక్కి లెక్కగడితే సుమారు 3×10^46 జౌళ్లు వస్తుంది. ఇప్పుడు కాగితం మీద ఇంకో లెక్క వేద్దాం. 1.4 సూర్యుల బరువును 12 కిలోమీటర్ల వ్యాసార్ధంలోకి కుదిస్తే ఎంత గురుత్వ శక్తి విడుదల కావాలి? సాదా సూత్రంతోనే 2.6×10^46 వస్తుంది. నక్షత్రం గర్భం గురించి కాగితం మీద రాసుకున్నది నిజంగా జరిగిందనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం నాకు తెలియదు. పేలుడులో పదార్థం ఎగిరిపోవడానికి ఖర్చయిన శక్తి ఇందులో నూరో వంతు కూడా కాదు. కంటికి కనబడిన వెలుగు దానిలో మళ్లీ నూరో వంతు.

రెండోది వ్యవధి. సంకేతాలు పన్నెండు పదమూడు సెకన్ల పాటు వచ్చాయి. న్యూట్రినోలు అడ్డు లేకుండా బయటపడి ఉంటే అంతా మిల్లీసెకన్లలో ముగియాలి. అంటే కూలిన గర్భం న్యూట్రినోలకి కూడా దారి ఇవ్వనంత చిక్కగా ఉంది, అవి తచ్చాడుతూ బయటికి వచ్చాయి. కేంద్రక సాంద్రతకి చేరిన పదార్థమే అలా పట్టి ఉంచగలదు. కూలిన గర్భం గట్టిపడి వెనక్కి తన్నడంతో లోపలి నుంచి ఎగసి ఆగిపోయిన ఆఘాత తరంగానికి (షాక్ వేవ్) మళ్లీ ఊపిరి పోసేది కూడా, ఇప్పటి మోడళ్ల ప్రకారం, ఈ న్యూట్రినోల వేడిలో ఓ చిన్న వాటాయే.

మూడు గంటల సాక్ష్యం

న్యూట్రినోలు వచ్చాక వెలుగు ఎప్పుడొచ్చింది? జోన్స్ సుమారు 9:20కి ఆ ప్రాంతం చూశాడు, కొత్తగా ఏమీ లేదు. ఆస్ట్రేలియాలో రాబర్ట్ మెక్‌నాట్ 10:38కి తీసిన ఫోటోలో అది ఉంది. అంటే కూలిన గర్భం నుంచి బయల్దేరిన ఆఘాత తరంగం గంటన్నర పైన, మూడు గంటల లోపు ఉపరితలానికి చేరింది.

ఇందాకటి 41 ఇప్పుడు బయటికి తీద్దాం. 41 సూర్య వ్యాసార్ధాలంటే 2.85 కోట్ల కిలోమీటర్లు. దాన్ని రెండు నుంచి మూడు గంటల్లో దాటాలంటే సెకనుకి సుమారు మూడు నాలుగు వేల కిలోమీటర్ల వేగం కావాలి. ఆ పేలుడు శక్తికి సరిపోయే వేగమే అది. అదే వేగంతో 860 సూర్య వ్యాసార్ధాల ఎర్ర నక్షత్రాన్ని దాటాలంటే రెండు రోజులు పడుతుంది. కాబట్టి పేలింది చిన్న నీలి నక్షత్రమే. పాత ప్లేట్లతో గానీ వర్ణపటంతో గానీ సంబంధం లేకుండా, గడియారం ఒక్కటీ చాలు ఇది చెప్పడానికి.

నీలంగా ఎందుకుంది?

కేసు మొత్తంలో నేను ఎక్కువగా తల పట్టుకునేది ఇక్కడే. ఒంటరి నక్షత్రపు మోడల్‌ని చివర్లో నీలంగా తెప్పించడం సాధ్యమే. పెద్ద మాజెల్లాన్ మేఘంలో భార మూలకాలు సూర్యుడి చుట్టుపక్కల కంటే తక్కువ, అది కొంత సాయపడుతుంది. సంవహనం, అంటే వేడి వాయువు పైకీ కిందికీ పొర్లడం, ఎక్కడ ఆగుతుందో నిర్ణయించే గుణకాలను సర్దితే మోడల్ ఎరుపు నుంచి వెనక్కి నీలానికి వస్తుంది. కానీ జవాబు ముందే తెలిసి గుణకాలు సర్దడం వివరణ అనిపించుకోదు. పైగా మరో సాక్షి ఉంది, వలయం.

హబుల్ 1990లో స్పష్టంగా చూపించిన ఆ వలయం వ్యాసార్ధం సుమారు 0.65 కాంతి సంవత్సరాలు, అంటే ఆరు లక్షల కోట్ల కిలోమీటర్లు. అది విస్తరిస్తున్న వేగం సెకనుకి పది కిలోమీటర్లు. భాగించి చూస్తే పేలుడుకి దాదాపు 20,000 ఏళ్ల ముందు బయల్దేరిందని తేలుతుంది. నీలి నక్షత్రపు గాలి సెకనుకి వందల కిలోమీటర్ల వేగంతో వీస్తుంది. పది కిలోమీటర్లంటే అది ఎర్ర సూపర్‌జెయింట్ వదిలే పదార్థం. అంటే ఈ నక్షత్రం ఒకప్పుడు ఎర్రగా ఉండి, చివరి 20,000 ఏళ్లలో నీలంగా మారింది. వలయంలో కార్బన్‌తో పోలిస్తే నైట్రోజన్ బాగా ఎక్కువ. పైన చెప్పిన హైడ్రోజన్ చక్రం గుర్తు అది, లోతు నుంచి పదార్థం పైకి వచ్చి కలిసింది.

ఒంటరి నక్షత్రం పదార్థాన్ని అన్ని వైపులకీ ఊదుతుంది. ఇక్కడ నడుముకి ఒక వలయం, దానికి పైనా కిందా ఇంకో రెండు పెద్ద వలయాలు ఉన్నాయి. ఇలాంటి ఆకారానికి విపరీతమైన భ్రమణం కావాలి, ఉబ్బిన ఎర్ర నక్షత్రం తనంతట తాను అంత వేగంగా తిరగలేదు. మోరిస్, పొడ్సియాడ్లౌస్కీ 2007లో చూపించిన మోడల్‌లో పెద్ద నక్షత్రం ఉబ్బి, తనతో తిరిగే చిన్న నక్షత్రాన్ని మింగేసింది. చిన్నది లోపలికి సుడి తిరుగుతూ పడ్డప్పుడు పైపొర గిర్రున తిరిగింది, కొంత పదార్థం విడిపోయి మూడు వలయాలుగా సర్దుకుంది, మిగిలింది కుంచించుకుని నీలంగా మారింది. వలయాలు, నైట్రోజన్, రంగు, 20,000 ఏళ్లు, అన్నీ ఒక్క సంఘటనతో సర్దుకుంటాయి. నేను ఈ వివరణ వైపే మొగ్గుతాను.

ఇదేదో అరుదైన మినహాయింపు అనుకోనక్కర్లేదు. మన గెలాక్సీలోని "O" అనే తరగతికి చెందిన భారీ నక్షత్రాలను పరిశీలించి హ్యూగ్ సానా బృందం 2012లో తేల్చిందేమిటంటే, వాటిలో 70 శాతానికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తోటి నక్షత్రంతో పదార్థం ఇచ్చిపుచ్చుకుంటాయి. కొన్నిటికి పైపొర ఊడిపోతుంది, కొన్ని బరువు పెరుగుతాయి, కొన్ని కలిసిపోతాయి. అందుకే "20 సూర్యులు" అన్న మాట దగ్గర ఇందాక షరతు పెట్టాను. కలిసిపోయిన కథే నిజమైతే పుట్టినప్పుడు 15, 16 సూర్యులది ఒకటి, అయిదు సూర్యులది ఒకటి ఉండుంటాయి.

వెలుగు తగ్గిన తీరు

మామూలుగా ఎర్ర సూపర్‌జెయింట్ పేలితే సూపర్‌నోవా వెంటనే వెలిగి మూడు నెలల పాటు దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. ఇది అలా కాదు. నెమ్మదిగా పెరిగి మే నెలలో మూడో మాగ్నిట్యూడ్ దగ్గర శిఖరానికి చేరింది. నక్షత్రం చిన్నది కాబట్టి ఆఘాత తరంగం ఇచ్చిన వేడి చాలావరకు విస్తరణకే ఖర్చయిపోయింది. శిఖరం దగ్గర వెలిగించింది పేలుడులో తయారైన రేడియోధార్మిక పదార్థం.

ఆ పదార్థం నికెల్-56. ఆరు రోజుల అర్ధాయుష్షుతో అది కోబాల్ట్-56 అవుతుంది, కోబాల్ట్ 77 రోజుల అర్ధాయుష్షుతో ఇనుము అవుతుంది. అర్ధాయుష్షు 77 రోజులంటే రోజుకి 0.0098 మాగ్నిట్యూడ్ చొప్పున, నూరు రోజులకి దాదాపు ఒక మాగ్నిట్యూడ్ మసకబారాలి. నాలుగు నెలల తర్వాత 1987ఎ మొత్తం వెలుగు ఆ వాలు మీదే దిగింది. ఆ గీత ఎత్తును బట్టి నికెల్ సుమారు 0.07 సూర్యులని తేలింది. కోబాల్ట్ నుంచి వచ్చే 847 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలను సోలార్ మాక్సిమమ్ మిషన్ ఉపగ్రహం నేరుగా పట్టుకుంది.

అయితే ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు అనుకున్నదానికంటే నెలల ముందే వచ్చాయి. పొరలు పొరలుగానే ఉండి ఉంటే మధ్యలోని నికెల్ నుంచి అవి అంత త్వరగా బయటపడలేవు. అంటే పేలుడులో ఆ పొరలు చెదిరి నికెల్ ముద్దలు హైడ్రోజన్ లోకి చొచ్చుకెళ్లాయి. ఒక్క వ్యాసార్ధం వెంట మాత్రమే లెక్కగట్టే మోడల్ ఇది ఎప్పటికీ చూపించలేదు. పేలుళ్లను మూడు పరిమాణాల్లో లెక్కగట్టక తప్పదని అప్పుడు అందరికీ అర్థమైంది.

మధ్యలో ఏం మిగిలింది?

కూలిన గర్భం న్యూట్రాన్ నక్షత్రంగా, అంటే కేంద్రక సాంద్రతతో ఉన్న చిన్న గోళంగా, మిగిలిందని న్యూట్రినోలు చెప్పాయి, కానీ మూడు దశాబ్దాల పైన వెతికినా అది కనబడలేదు. హెర్షెల్ టెలిస్కోపు 2011లో చూపించినట్టు ఆ శకలంలో దాదాపు అర సూర్యుడంత ధూళి తయారైంది, అది మధ్య భాగాన్ని కప్పేసింది.

2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరారుణంలో చూసినప్పుడు సరిగ్గా మధ్య నుంచి ఆర్గాన్, గంధకం ఇచ్చే సన్నటి గీతలు కనిపించాయి. క్లేస్ ఫ్రాన్సన్ బృందం 2024 ఫిబ్రవరిలో ఆ ఫలితం ప్రచురించింది. ఆర్గాన్ కొన్నిచోట్ల ఐదు ఎలక్ట్రాన్లు కోల్పోయి ఉంది. అందుకు కనీసం 75 ఎలక్ట్రాన్ వోల్టుల కాంతికణాలు కావాలి, అంటే మధ్యలో అంత తీవ్రమైన కిరణాలు ఇచ్చేది ఏదో ఉంది. అది వేడిగా ఉన్న న్యూట్రాన్ నక్షత్రపు ఉపరితలం కావచ్చు, లేదా పల్సార్ (గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రం) నుంచి వీచే కణాల గాలి కావచ్చు. రెండు మోడళ్లూ గీతల బలాన్ని దాదాపు సమానంగానే వివరిస్తున్నాయి.

నన్ను ఎక్కువ ఆకట్టుకునేది ఆ మూలకాలు. ఆర్గాన్, గంధకం తయారయ్యేది ఆక్సిజన్ మండినప్పుడు. నక్షత్రం బతికున్నప్పుడు ఎవరికీ కనబడని లోపలి పొర, మోడల్‌లో తప్ప మరెక్కడా చూసే వీలులేని పొర, ఇప్పుడు లోపలి నుంచి వెలిగి వర్ణపటంలో గీతలుగా కనిపిస్తోంది. ఆ గీతల వెడల్పు, వేగం, ఏళ్ల తరబడి వాటి బలం ఎలా మారుతుందో కొలుస్తూ పోతే రెండు మోడళ్లలో ఒకటి నిలబడుతుంది. ధూళి పలచబడేకొద్దీ పల్సార్ నుంచి లయగా వచ్చే రేడియో పల్సుల కోసం వెతకడం కూడా తేలికవుతుంది.